కరువు పనిగా నాటకం: అమెరికా ఫెడరల్ థియేటర్ (1935–39) గురించి కొన్ని ఆలోచనలు

నాటకానికి ప్రభుత్వ పోషణ అన్న ప్రసక్తి రాగానే మన విమర్శకులు సాధారణంగా రెండు దారుల్లో పోతారు. ఒక దారి తంజావూరుకు పోతుంది. నాయక రాజులు, మరాఠా రాజులు, యక్షగానాలు, అగ్రహారాలు – అది రాజాదరణ. రెండో దారి సమాచార శాఖ కార్యాలయానికి పోతుంది. కుటుంబ నియంత్రణ మీద ఒక నాటిక, చిన్న మొత్తాల పొదుపు మీద ఒక బుర్రకథ – అది ప్రచారం. మొదటిదానికి గౌరవం ఎక్కువ, రెండోదానికి చులకన ఎక్కువ. ఈ రెండూ కాని మూడో దారి ఒకటి ఉందని, దాన్ని ఒక దేశం నాలుగేళ్లపాటు నడిపి చూసిందని మన నాటక విమర్శలో తగినంతగా చర్చకు రాలేదు. ఆ దారికి మన భాషలో ఉన్న సరైన పేరు కరువు పని.

కరువు పని అంటే ఏమిటో తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. 1876–78 నాటి ధాత కరువు కాలంలో రాళ్లు కొట్టి, మట్టి మోసి కూలి తెచ్చుకున్న కుటుంబాల కథలు రాయలసీమలోనూ, ఉత్తర ఆర్కాడులోనూ చాలా కాలం చెప్పుకున్నారు. చెన్నపట్నంలో అడయారు, కూవం నదులను కలిపే బకింగ్‌హాం కాలువ భాగం 1877–78లో అలా తవ్వించినదే. కరువు పనికి ఒక నియమం ఉంది. వచ్చినవాడు కంసాలి అయినా, కుమ్మరి అయినా, భాగవతుల మేళంలో వేషం కట్టేవాడైనా అతని చేతికి ఇచ్చేది తట్ట, పార మాత్రమే. ఆకలి అందరినీ సమానం చేస్తుందంటారు. నిజానికి ఆకలి కన్నా కరువు పనే ఎక్కువ సమానం చేసింది.

1935లో అమెరికా ప్రభుత్వం ఈ నియమాన్ని ఒకచోట సడలించింది. 1929 నాటి పతనం తరువాత ఆ దేశంలో కోటికి పైగా జనం పనులు పోగొట్టుకున్నారు. వారిలో నటులు, రంగాలంకరణ చేసేవారు, వాద్యగాళ్లు, గారడీవారు వేలసంఖ్యలో ఉన్నారు. వీరిని దెబ్బ తీసింది ఒక్క మాంద్యమే కాదు. 1927 తరువాత టాకీ వచ్చి ఊరూరా తిరిగే నాటక సమాజాల పొట్ట కొట్టింది. (మన సురభి సమాజాల వారిని 1932లో 'భక్త ప్రహ్లాద' వచ్చిన తరువాతి సంవత్సరాల గురించి అడిగితే ఇదే కథను మరో యాసలో చెప్పి ఉండేవారు.) రూజ్వెల్టు ప్రభుత్వం వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ అనే పనుల సంస్థను నెలకొల్పినప్పుడు దాని అధిపతి హారీ హాప్కిన్స్ పట్టుబట్టిన సూత్రం ఒకటే: పనిలేనివాడికి అతనికి వచ్చిన పనే ఇవ్వాలి, నటుడికి నటన ఇవ్వాలి. అలా పుట్టిందే ఫెడరల్ థియేటర్ ప్రాజెక్టు. దాని సంచాలకురాలు హాలీ ఫ్లనగన్ వృత్తి నాటకరంగం నుంచి వచ్చినవారు కారు. వాసర్ కళాశాలలో విద్యార్థినుల చేత నాటకాలు ఆడించే అధ్యాపకురాలు. 1935 ఆగస్టులో ఆమె పదవీ స్వీకారం చేశారు. 1939 జూన్ 30న ఆ సంస్థ మూతపడింది.

ఈ నాలుగేళ్ల కథ మీద పుస్తకాలకు కొదవ లేదు. ఫ్లనగన్ స్వయంగా 'అరీనా' (1940) రాశారు. జేన్ డీహార్ట్ మాథ్యూస్ 1967లో ప్రామాణిక చరిత్ర రాశారు. షేక్‌స్పియర్ పండితుడు జేమ్స్ షపీరో 2024లో 'ది ప్లేబుక్' ప్రచురించారు. మాథ్యూస్ తన గ్రంథానికి పెట్టిన ఉపశీర్షికలో మూడు మాటలున్నాయి: నాటకాలు, రిలీఫ్, రాజకీయాలు. చదివినవారికి మొదటి మాట గురించీ, మూడో మాట గురించీ కావలసినంత దొరుకుతుంది. షపీరో గారి పుస్తకమైతే దాదాపు మూడో మాటకే అంకితం. ఆయన కాలం అలాంటిది, తప్పు పట్టలేము. కానీ నడుమ ఉన్న మాట దగ్గర ఆగి ఆలోచించినవారు తక్కువ. మా ఫిర్యాదు అక్కడే. ఆ సంస్థ బలమూ, చావూ రెండూ ఆ నడిమి మాటలోనే ఉన్నాయని మా అభిప్రాయం.

'రిలీఫ్' అన్న మాటకు మూలార్థం మళ్లీ పైకెత్తడం. రాతి పలక మీద బొమ్మ ఉబ్బెత్తుగా లేచి ఉంటే దాన్నీ ఆంగ్లంలో ఆ మాటతోనే పిలుస్తారు. తెలుగులో మనం దాన్ని 'సహాయం' అన్నాం. 'వరద సహాయం', 'కరువు సహాయం'. సహాయంలో ఇచ్చేవాడు కనిపిస్తాడు గాని లేచేవాడు కనిపించడు. 'ఆసరా' అన్న మాట ఇంతకన్నా నయం. భాషాశాస్త్రం వారికి ఉండే ఈ చాదస్తాన్ని పాఠకులు మన్నించాలి. అయితే ఈ మాటల తేడా ఊరికే చెప్పలేదు. ఫెడరల్ థియేటర్‌లో చేరదలచిన నటుడు రెండు రుజువులు చూపాలి. ఒకటి, తాను నిజంగా రంగస్థలం మీద బతికినవాడనని. రెండు, ఇప్పుడు బతకలేకపోతున్నానని. తీసుకున్న పదిమందిలో తొమ్మండుగురు పేదల జాబితాలో పేరున్నవారే కావాలన్నది నియమం. ఖర్చులో అధికభాగం జీతాలకే పోవాలి, తెరలకూ దుస్తులకూ కాదు. న్యూయార్కులో నటుడి జీతం వారానికి 23 డాలర్ల 86 సెంట్లు. ప్రధాన పాత్ర వేసినా, వెనుక ఈటె పట్టుకుని నిలబడినా అంతే. తెలుగు నాటకరంగంలో కృష్ణ పాత్రధారికీ, భటుడికీ ఒకే సంభావన ఇచ్చిన కాంట్రాక్టరు ఎవరైనా ఉన్నారేమో మాకు తెలియదు.

ప్రతిభ కాక పేదరికం అర్హత అయినచోట కళ ఏ స్థాయిలో ఉంటుంది? ఆనాటి పత్రికలు వేసిన ప్రశ్న ఇదే. ప్రశ్న అన్యాయమైనది కాదు. ఆ నాలుగేళ్ల ప్రదర్శనల్లో నాసిరకం చాలా ఉన్నదని ఫ్లనగన్ కూడా దాచలేదు. వయసు మళ్లిన హాస్యగాళ్లు, గొంతు పోయిన గాయకులు, పాత నాటకాలను పాత పద్ధతిలో అప్పజెప్పేవారు ఆమెకు దక్కిన బలగం. అయినా విమర్శకులు ఒకటి గమనించలేదు. పేదల జాబితా ఎవరినీ ఏరి తీసుకోలేదు కాబట్టే, అంతవరకు 'నాటకం' అన్న మాటలో చోటు దొరకని వారంతా అందులోకి వచ్చారు. సర్కసువారు వచ్చారు, తోలుబొమ్మల వంటి బొమ్మలాటలవారు వచ్చారు, పిల్లల నాటకాలవారు వచ్చారు. నల్లజాతివారికి పలు నగరాల్లో ప్రత్యేక బృందాలు ఏర్పడ్డాయి. యిడ్డిష్‌లో, స్పానిష్‌లో, ఇటాలియన్‌లో, జర్మన్‌లో ఆడే బృందాలు ఏర్పడ్డాయి. ఏరి తీసుకునే అకాడమీ అయితే వీరిలో ఎందరిని రానిచ్చేది? ఉత్తమ నటుల జాబితా తయారుచేసినవారు యిడ్డిష్ హాస్యగాడి తలుపు తట్టరు. ఆకలిగొన్నవారి జాబితా తట్టింది.

ఆ బృందాలు చేసిన వాటిలో అందరూ చెప్పుకునేది 1936 ఏప్రిల్‌లో హార్లెంలోని లఫాయెట్ థియేటర్‌లో ఆడిన 'మేక్‌బెత్'. దర్శకుడు ఆర్సన్ వెల్స్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు. స్కాట్లండును తీసేసి కథను హైతీ వంటి దీవికి మార్చాడు. మంత్రగత్తెల చోట ఊడూ పూజారులు, రంగం మీద నిజమైన ఆఫ్రికా డోళ్లు. ప్రదర్శన గొప్పదే కావచ్చు. కానీ చరిత్రకారులు దాన్ని ఆ బృందానికి కిరీటంగా పెట్టడం మాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. నటులు నల్లవారు, నాటకం షేక్‌స్పియర్‌ది, దర్శకుడు వెల్స్, నిర్వాహకుడు జాన్ హౌస్‌మన్. నల్లజాతి రచయితలు ఏబ్రం హిల్, జాన్ సిల్వేరా ఇదే సంస్థ కోసం తమ జాతి చరిత్ర మీద 'లిబర్టీ డిఫర్డ్' అనే నాటకం రాశారు. అది రంగం ఎక్కనే లేదు. ఆసరా దొరికింది గాని, ఏ కథ చెప్పుకోవాలో నిర్ణయించే హక్కు అంత సులువుగా దొరకలేదన్నమాట. షపీరో ఈ విషయాన్ని సరిగానే పట్టుకున్నారు.

రూపం దృష్టితో చూస్తే మాకు మిక్కిలి ఆసక్తి కలిగించేవి 'లివింగ్ న్యూస్‌పేపర్' నాటకాలు. బతికున్న వార్తాపత్రిక అని ఆ పేరుకు అర్థం. పనిలేని పాత్రికేయులు సమాచారం సేకరిస్తారు, దాన్ని నాటకీకరిస్తారు, పనిలేని నటులు ఆడతారు. ఒక్కసారిగా ఎక్కువమందికి పని చూపించాలి కాబట్టి పాత్రలు పదుల సంఖ్యలో ఉండాలి. డబ్బు జీతాలకే పోతుంది కాబట్టి సామగ్రి తక్కువ ఉండాలి. అంటే ఈ రూపాన్ని సగం రచయితలు కనిపెడితే, సగం పద్దుల గుమాస్తా కనిపెట్టాడు. వ్యవసాయ సంక్షోభం మీద 'ట్రిపుల్ ఏ ప్లౌడ్ అండర్' (1936), విద్యుత్తు మీద 'పవర్' (1937), ఇళ్ల సమస్య మీద 'వన్ థర్డ్ ఆఫ్ ఎ నేషన్' (1938) వీటిలో ముఖ్యమైనవి. చివరిదాని పేరు రూజ్వెల్టు 1937 ప్రమాణ స్వీకార ప్రసంగం నుంచి తీసుకున్నది.

వీటిలో లౌడ్ స్పీకరు ఒక పాత్ర. కనబడదు, వినబడుతుంది, తేదీలు చెబుతుంది, లెక్కలు చెబుతుంది, పాత్రలను నిలదీస్తుంది. దానికి ఎదురుగా ఒక సామాన్యుడు ఉంటాడు. అసలు కిలోవాట్ అవర్ అంటే ఏమిటి, నా బిల్లు ఇంత ఎందుకు వస్తున్నది అని అడుగుతాడు. బుర్రకథ చూసిన తెలుగువాడికి ఈ అమరిక కొత్త కాదు. నడుమ కథకుడు, ఒక పక్క హాస్యం, మరో పక్క రాజకీయం. రాజకీయం చెప్పే వంత ఏ పురాణ కథలోనైనా ఆనాటి ధరలను లాక్కొస్తాడు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను ఆయుధంగా చేసుకున్నప్పుడు దానికి అమెరికా నమూనా అవసరం లేకపోయింది. రెండు రూపాలూ ఒకదాన్ని చూసి ఒకటి పుట్టలేదు. ఒక సంగతి మాత్రం గుర్తించాలి: అక్కడ ప్రభుత్వమే జీతమిచ్చి ప్రశ్న అడిగించింది, ఇక్కడ ప్రశ్న అడిగిన 'మా భూమి' (1947)ని ప్రభుత్వం నిషేధించింది.

'వన్ థర్డ్ ఆఫ్ ఎ నేషన్'లో ఒక రంగాన్ని గురించి చెప్పకుండా ముందుకు పోలేము. ఒకడు చిన్న పచ్చగడ్డి చాప తెచ్చి రంగం మీద పరుస్తాడు. అది అతని భూమి. దాని మీద కూర్చుంటాడు. ఒకడొచ్చి కొంచెం చోటు అద్దెకు అడుగుతాడు, ఇస్తాడు. మరొకడొస్తాడు, మరొకడు. చాప పెరగదు, జనం పెరుగుతారు, అద్దె పెరుగుతుంది. కాలు చాపడానికి చోటుండదు. నూరేళ్ల న్యూయార్కు భూముల చరిత్ర ఒక చాప మీద అయిపోతుంది. వీధినాటకంలో బల్ల మీదికి ఎక్కితే కైలాసం, దిగితే భూలోకం అనుకునే ప్రేక్షకుడికి ఈ భాష వెంటనే అర్థమవుతుంది. ఇదే నాటకంలో చివర వచ్చే ఉపన్యాసాలు మాత్రం నీరసంగా ఉంటాయి. చాప చెప్పినదాన్ని లౌడ్ స్పీకరు మళ్లీ చెప్పడం ఈ రూపానికి ఉన్న జబ్బు. మన అభ్యుదయ నాటికలకూ ఈ జబ్బు బాగా తెలుసు.

ఇక భాషల సంగతి. ఇది మాకు వృత్తిరీత్యా దగ్గరిది. ఈ సంచిక పాఠకులకు బతుకురీత్యా దగ్గరిది.

1936 అక్టోబరు 27న సింక్లెయిర్ లూయిస్ నవల ఆధారంగా తయారైన 'ఇట్ కాంట్ హాపెన్ హియర్' నాటకం దేశమంతటా ఇరవైకి పైగా రంగస్థలాల మీద ఒకే రాత్రి ఆడింది. అమెరికాలో నియంతృత్వం వస్తే ఎలా ఉంటుందన్నది వస్తువు. పేరును తెలుగు చేస్తే 'ఇక్కడ అలా జరగదు' అవుతుంది. న్యూయార్కులో ఇంగ్లీషుతో పాటు యిడ్డిష్‌లో ఆడారు. ఫ్లోరిడాలోని టాంపాలో స్పానిష్‌లో ఆడారు. సియాటిల్‌లో నల్లజాతి బృందం ఆడింది. వ్యాకరణంలో 'ఇక్కడ' అన్నది మాట్లాడేవాడి చోటును బట్టి అర్థం మారే మాట. ఈ నాటకం దానికి పాఠ్యపుస్తకంలో దొరకని ఉదాహరణ. ఇంగ్లీషు ప్రేక్షకుడికి 'ఇక్కడ' అంటే తాను పుట్టిన నేల. 1936లో యిడ్డిష్ ప్రేక్షకుడికి 'అక్కడ' జరుగుతున్నది తన బంధువుల ఇంట్లో; 'ఇక్కడ' అన్నది అతను నమ్మి వచ్చిన చోటు. హార్లెంలోనో సియాటిల్‌లోనో నల్లవాడికి 'ఇక్కడ అలా జరగదు' అన్న వాక్యం పచ్చి వ్యంగ్యం. ఎందుకంటే అతనికి అది ఎప్పటినుంచో జరుగుతూనే ఉంది. ఒకే వాక్యం ఒకే రాత్రి ఇన్ని అర్థాలతో పలకడానికి వీలైంది ఆ సంస్థ భాషలను ఒకటిగా చేయాలని చూడనందువల్ల.

టాంపా సంగతి ఇంకా చెప్పాలి. ఆ ఊరిలోని ఈబోర్ సిటీ అనే పేట చుట్టల ఫ్యాక్టరీల పేట. క్యూబా నుంచి, స్పెయిను నుంచి, ఇటలీ నుంచి వచ్చి స్థిరపడిన కార్మికులు చుట్టలు చుట్టేవారు. పని చేస్తుండగా ఎత్తయిన పీఠం మీద కూర్చుని ఒక చదువరి వారికి స్పానిష్‌లో వార్తలు, నవలలు బిగ్గరగా చదివి వినిపించేవాడు. అతని జీతం కార్మికులు చందా వేసుకుని ఇచ్చుకునేవారు. 1931లో యజమానులు చదువరులను తీసేశారు. ఆ చోటికి రేడియో వచ్చింది. కార్మికులు కట్టుకున్న పరస్పర సహాయ సంఘాల భవనాల్లో సొంత రంగస్థలాలు ఉండేవి. ఫెడరల్ థియేటర్ స్పానిష్ బృందం అక్కడ ఏర్పడినప్పుడు కొత్తగా కళను దిగుమతి చేయలేదు. ఉన్న వేదిక మీద ఉన్న మనుషులకు జీతం ఇచ్చింది, అంతే. తరువాత 1937లో చట్టం మారింది. పౌరసత్వం లేనివారికి ఈ పనులు కూడదన్నారు. టాంపా బృందంలో పలువురు వెళ్లిపోవలసి వచ్చింది. ఒక భాషా సమాజాన్ని రాజకీయంగా అణచకుండానే, ఒక్క దరఖాస్తు ఫారం మార్చి దాని నాటకాన్ని కుంటుపరచవచ్చునని ఇక్కడ తెలుస్తుంది. మాథ్యూస్ గ్రంథాన్నీ, షపీరో గ్రంథాన్నీ చదివినప్పుడు వాషింగ్టన్ విచారణల చప్పుడు ముందు ఈ సంగతి ఎంత చిన్నగా వినిపిస్తుందో గమనించాం.

ఆ విచారణల కథ తెలిసినదే కాబట్టి క్లుప్తంగా చెబుతాం. 1937 జూన్‌లో 'ది క్రేడిల్ విల్ రాక్' ప్రదర్శనను ఆపగా నటులు మరో థియేటరుకు నడిచి వెళ్లి ప్రేక్షకుల మధ్యనుంచి పాత్రలు పలికారు. 1938లో డైస్ కమిటీ ఈ సంస్థ కమ్యూనిస్టుల గూడని ఆరోపణలు విన్నది. డిసెంబరులో ఫ్లనగన్ సాక్ష్యం ఇస్తుండగా స్టార్న్స్ అనే సభ్యుడు, ఆమె వ్యాసంలో ప్రస్తావించిన మార్లో కమ్యూనిస్టా అని అడిగాడు. ఎలిజబెత్ రాణి కాలపు నాటకకర్త అని ఆమె చెప్పవలసి వచ్చింది. అందరూ ఈ ముచ్చట చెప్పి నవ్వుతారు. నవ్వు సరే. సభలో సంస్థను కూల్చింది ఈ అజ్ఞానం ఒక్కటే కాదు. 1939 చట్టంలో చిత్రకారుల, సంగీతజ్ఞుల, రచయితల ప్రాజెక్టులను స్థానిక ప్రభుత్వాలు ఖర్చులో నాలుగో వంతు భరిస్తే కొనసాగించవచ్చునన్నారు. నాటకాన్ని మాత్రం పేరు పెట్టి తీసేశారు. గోడ మీద బొమ్మకు ఆసరా ఇవ్వడానికి అభ్యంతరం లేదు. జనాన్ని ఒకచోట చేర్చే కళకు ఆసరా ఇవ్వడం వేరు. పైగా రిలీఫ్ అన్నది కరువు ఉన్నన్నాళ్లకే. సంస్థను కాపాడేవారు 'వీరు ఆకలిగొన్నవారు' అని ఒకరోజు, 'ఇది జాతీయ రంగస్థలం' అని మరోరోజు వాదించారు. మొదటి వాదం గెలిస్తే కరువు తీరగానే మూసేయాలి. రెండో వాదం గెలవాలంటే జాబితాలోని ముసలి హాస్యగాడిని బయటికి పంపాలి. ఫ్లనగన్ ఈ చిక్కును విప్పలేకపోయారు. ఎవరైనా విప్పగలిగేవారని మేము అనుకోము. నాలుగేళ్లలో ఖర్చు సుమారు 4 కోట్ల 60 లక్షల డాలర్లు, చూసినవారు సుమారు 3 కోట్లు. చాలామంది టిక్కెట్టు లేకుండానో, కొద్ది సెంట్లతోనో చూశారు.

మన వైపు చూద్దాం. మెలట్టూరు భాగవతమేళానికి భూమి ఇచ్చిన తంజావూరు పోషణ నటుడి ఆకలి జాబితా అడగలేదు. అతని కులాన్నీ విద్యనూ చూసింది. ఆ నేల మీద తమిళుల నడుమ తెలుగు నాటకం ఈనాటికీ నరసింహ జయంతికి ఆడుతున్నారు. 1954లో కేంద్రం ఏర్పరచిన సాంగ్ అండ్ డ్రామా డివిజన్ కళాకారులకు ప్రదర్శనకు ఇంత అని ఇచ్చింది; కథ మాత్రం పథకం చెప్పాలి. 2017లో అది మరో కార్యాలయంలో కలిసిపోయింది. 2020లో లాక్‌డౌన్ పెట్టి తిరునాళ్లు ఆగిపోయినప్పుడు మేము ఎరిగిన కళాకారులకు అందినవి బియ్యం, పప్పు. వారికి వచ్చిన పని వారికే ఇవ్వాలని ఆలోచించిన కార్యాలయం మా ఎరుకలో లేదు. మా పీఠం కూడా ఆ నెలల్లో అంతర్జాల సదస్సులు నిర్వహించింది. నిర్వహించినవారిలో మేమూ ఉన్నాం.

అంతకు కొన్నేళ్ల ముందు హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు పల్లెల్లో మాండలిక సేకరణకు తిరుగుతూ ఒక వృద్ధ వీధినాటక కళాకారుడి ఇంట కూర్చున్నాం. మా ఫారంలో 'వృత్తి' అనే గడి ఉంది. "కూలి అని రాసుకో సామీ" అన్నాడు. నలభై ఏళ్లు ధర్మరాజు వేషం కట్టారు కదా అంటే, "అది రాత్తిరి పని, దానికి గడి ఎక్కడుంది?" అన్నాడు. ఫారం తయారుచేసింది మేమే. ఆ గడి అడుగున ఒక చిన్న గడి చేర్చడానికి మాకు ఆ మాట వినవలసి వచ్చింది.

ఆయన దగ్గర తన గురువు రాసి ఇచ్చిన నాటకం నోటుపుస్తకం ఉంది. భాష తెలుగు, లిపి తమిళం. ఆ లిపిలో కకారానికీ గకారానికీ, తకారానికీ దకారానికీ అక్షరం ఒక్కటే. నకలు తీసుకుంటామని అడిగితే సంతోషంగా ఇచ్చాడు. తిరిగి వచ్చి చదవబోతే పుటకు పది చోట్ల ఆగిపోయాం. ఏది 'కాలి', ఏది 'గాలి', ఏది 'తారి', ఏది 'దారి' అన్నది పద్యం పాడినవాడికే తెలుసు. ఫెడరల్ థియేటర్ రాతప్రతులు 1974లో బాల్టిమోరు దగ్గర ఒక విమానాల షెడ్డులో దొరికాయి; వాటిని సర్ది, జాబితా వేసి, పరిశోధకులకు అందుబాటులో పెట్టారు. మా నకలు కూడా పీఠం బీరువాలో భద్రంగానే ఉంది. దాన్ని చదివించుకోవడానికి మరో రెండుసార్లు ఆ ఊరికి వెళ్లాం. రెండోసారి ఆయన సగం పుస్తకం పాడి వినిపించాడు. ఆ రోజు కూలి పోయినందుకు ఎంత ఇవ్వాలో మా ప్రయాణపు పద్దులో ఏ శీర్షిక కిందా రాయడానికి వీలు కాలేదు.